డెబ్బదేండ్ల చిత్రశాల

పురాణములు, ప్రబంధములు చదివిన సోదరీమణులకు చిత్రలేఖనము క్రొత్త విద్య గాదు. బాణాసురుని కూతురగు ఉష స్వప్నమున గాంచిన పురుషు డెవ్వడో యెఱుగక కుందుచుండగా, చెలికత్తె యగు చిత్రలేఖ రాకుమారుల రూపములను వ్రాసి చూపి యనిరుద్ధుని గుర్తింపజేసినది. భవభూతి యుత్తరరామచరితమున లక్ష్మణుడు సీతారాములకు వారి పూర్వకథనే చిత్రములుగా వ్రాయించి చూపును. తాను పడిన యిడుములను ఆ చిత్రములలో జూచి సీత, అవి మరల అప్పుడే సంభవించినట్లు కలత నొందును. మంచి చిత్రమునకు ఇంతటి శక్తి గలదు. అయినను, చిత్రలేఖ పేరు కథలో నిలిచినది గాని, నిజముగా నీ దేశమున కుంచె పట్టిన స్త్రీల పేళ్లు ఎన్ని నిలిచినవి? వారు లేకుండుట దీనికి కారణము గాదు. వారు వ్రాసిన దానిని దాచినవారు లేకుండుటయే కారణము. అట్లు దాచుటయే పనిగా బెట్టుకొన్న యొక మందిరమును గూర్చియు, దాని భాండారమునకు మూలధనమైన చిత్రములు వ్రాసిన యొక స్త్రీని గూర్చియు నీ వ్యాసమున ముచ్చటింప దలచితిని.

ఢిల్లీ నగరమున ఇండియా గేటు సమీపమున నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ అను జాతీయ ఆధునిక కళామందిరము గలదు. 1954వ సంవత్సరము మార్చి 29వ తేదీన నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారి సమక్షమున దీనికి ప్రారంభోత్సవము గావించిరి. 1931 మొదలు 1936 వఱకు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరుగా నుండిన మహనీయులు వీరే గావున, ఆ శుభకార్యమున తెలుగువారికిని కొంత బంధుత్వము గలదని చెప్పుకొనవచ్చును. 2024 మార్చి 29వ తేదీతో ఈ మందిరమునకు డెబ్బది యేండ్లు నిండినవి. మనుష్యునకు డెబ్బదియవ యేట భీమరథశాంతి జరుపుట మన పెద్దల యాచారము. ఇన్నేండ్లు నిలిచితిమి గదా యను సంతోషముతో పాటు, ఇంతవఱకు చేసిన దేమి, చేయవలసిన దేమి యని తలపోసికొనుటకు గూడ నది తగిన సమయము. మందిరమునకైనను అంతియే.

ఇట్టి మందిరము అంతకు ముందు లేకుండుట కొంత వింతగా దోచవచ్చును. కలకత్తాలో 1814లోను, చెన్నపట్టణమున 1851లోను గొప్ప ప్రదర్శనశాలలు వెలసినవి. మన అమరావతి స్తూపపు పాలరాతి శిల్పములలో ననేకము చెన్నపట్టణపు శాలలోనే యున్నవి. కాని యవి ముఖ్యముగా ప్రాచీన వస్తువులను దాచు గృహములు. శిల్పము రెండువేల యేండ్ల నాటిదైనచో దానికి అచట గద్దె గలదు. నిన్న వ్రాసిన పటమునకు, నేడు బ్రదికియున్న చిత్రకారునికి, అచట చోటు దొరకుట యరుదు. ప్రాచీనమంతయు నొకప్పుడు నూతనమే గదా! నూతనముగా నున్నప్పుడు కాపాడనిది ప్రాచీనమగు వఱకు ఎట్లు బ్రదుకును? ఈ యాలోచనయే స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆధునిక కళకు ప్రత్యేక గృహమును గట్టించినది.

గట్టించినది యనుట మాట వరుసకే. మందిరమునకు దొరకినది యొక రాజగృహము. 1936లో జయపూరు మహారాజునకు ఢిల్లీ విడిదిగా గట్టిన జయపూరు హౌసు అది. నడుమ గుమ్మటము, ఇరువైపుల విప్పారిన రెక్కలు గలిగి, సీతాకోకచిలుక యాకారమున నుండును. రాజులు విడిసిన గదులలో సామాన్యులు నడచి పటములను జూచుట ప్రజారాజ్యమునకు తగిన ముచ్చటయే. మొదటి యధికారిగా హెర్మన్ గోట్జ్ అను జర్మను పండితుడు నియమింపబడెను. ఈయన యంతకు ముందు బరోడా ప్రదర్శనశాలను తీర్చిదిద్దినవాడు. ప్రారంభోత్సవమున శిల్పముల ప్రదర్శనము జరిగెను. దానియందు పాల్గొన్నవారిలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి, రామ్‌కింకర్ బైజ్ మొదలగు ప్రసిద్ధు లుండిరి. రాయ్ చౌదరి గారు 1929 మొదలు సుమారు మూడు దశాబ్దములు చెన్నపట్టణపు చిత్రకళాశాలకు ప్రధానాచార్యులుగా నుండి, పెక్కుమంది తెలుగు బాలురకు విద్య గఱపినవారు. బండను గదలించుచున్న కూలీల విగ్రహమును, చెన్నపట్టణపు సముద్రతీరమున మనవారు చూచునట్టిదే, ఢిల్లీ మందిరపు తోటలోను జూడవచ్చును.

ఇక ఆ స్త్రీ యెవరందురా? ఆమె పేరు అమృతా షేర్‌గిల్. 1913 జనవరి 30న హంగరీ దేశపు ముఖ్యపట్టణమగు బుడాపెస్టున జన్మించినది. తండ్రి ఉమ్రావ్ సింగు పంజాబుదేశపు సిక్కు జమీందారీ కుటుంబమువాడు, సంస్కృత పారసీక భాషలలో పండితుడు. తల్లి హంగరీ దేశస్థురాలు, గాయని. 1921లో ఆ కుటుంబము సిమ్లాకు వచ్చెను. చిన్ననాటనే బాలిక చేతియందలి నేర్పు గుర్తించి, 1929లో తల్లిదండ్రులు ఆమెను పారిస్ నగరమునకు గొనిపోయి చిత్రకళాశాలలో జేర్చిరి. ఇద్దఱు యువతులు గూర్చుండి యున్నట్లు 1932లో ఆమె వ్రాసిన తైలచిత్రమునకు మఱుసటి యేడు ఆ నగరపు మహాప్రదర్శనమున బంగారు పతకము లభించినది. అప్పటికి ఆమె వయస్సు ఇరువదేండ్లు. ఆ చిత్రము నేడు ఢిల్లీ మందిరముననే యున్నది.

పారిస్ నగరమున కీర్తి వచ్చుచుండగా అచటనే నిలిచిన సుఖముగా నుండెడిది. కాని 1934 చివర ఆమె స్వదేశమునకు మరలి వచ్చినది. మరలి వచ్చి వ్రాసిన దెవ్వరిని? రాణులను గాదు, దేవతలను గాదు. కొండపల్లెల పేదస్త్రీలను, ముంగిట గూర్చుండు పడుచులను, మంచముపై మేను వాల్చిన యిల్లాలిని. 1935లో వ్రాసిన "ముగ్గురు యువతులు" అను చిత్రమును జూడుడు. రంగురంగుల వస్త్రములు దాల్చి, తలలపై ముసుగులతో ముగ్గురు కన్యలు ప్రక్కప్రక్కన గూర్చుండి యుందురు. ఒక్కతెయు మనవంక జూడదు. ఒకరి మొగ మొకరు చూచుకొనరు. వెనుక నలంకార మేమియు లేదు. తమ జీవితమును తాము గాక యింకెవ్వరో నిర్ణయింతురని తెలిసిన పిల్లల మౌనమది. పెండ్లిచూపుల నాడు మన యిండ్లలో ఆ మౌనమును జూడనివా రెవరు? ఈ చిత్రమునకు 1937లో బొంబాయి కళాసంఘమువారు బంగారు పతక మిచ్చిరి. ఇదియు ఢిల్లీ మందిరమున నున్నది.

1936-37 సంవత్సరములలో ఆమె దక్షిణదేశయాత్ర చేసినది. అజంతా గుహలలోని చిత్రములను జూచిన పిమ్మట ఆమె కుంచె తీరే మాఱినది. "వధువు నలంకరించుట", "బ్రహ్మచారులు" అను చిత్రములు 1937లో ఆ యాత్రాఫలముగా వెలువడినవి. మొదటిదానిలో నడుమ గూర్చున్న పెండ్లికూతునకు తల దువ్వుచుందురు. ఆమె చేతులకు గోరింట పండియున్నది. పండుగ సందడి యేమియు గానరాదు. ఆ వధువు మోమున నున్నది యానందమా, యాలోచనయా యని చూచినవారు తేల్చుకొనవలసినదే. ఆ యాత్రలో ఆమె మన హైదరాబాదునకును వచ్చినది. కళాప్రియుడని పేరొందిన నవాబు సాలార్‌జంగు ఆమె చిత్రములను జూచెనే గాని కొనలేదు. పాశ్చాత్యుల నున్నని పటములకు అలవాటుపడిన కన్నులకు ఆమె రేఖలు మొఱటుగా దోచినవి.

1938లో ఆమె తన దగ్గరి బంధువును వైద్యుడునగు విక్టర్ ఏగన్‌ను వివాహమాడి, కొంతకాలము గోరఖ్‌పూరు ప్రాంతమున సరాయా గ్రామమున కాపురముండినది. 1941లో దంపతులు లాహోరునకు మకాము మార్చిరి. అచట డిసెంబరు మాసమున ఆమె చిత్రప్రదర్శనము జరుగవలసి యుండెను. ప్రదర్శనమునకు కొలది దినములు ముందుగా, డిసెంబరు 5వ తేదీన, స్వల్పకాలపు జబ్బుతో ఆమె దివంగతురాలైనది. వయస్సు ఇరువదియెనిమిది. వ్రాసిన చిత్రములలో నేటికి లెక్కకు వచ్చినవి సుమారు 172.

ఇచటనే నేను చెప్పదలచిన యసలు సంగతి యున్నది. ఆ కళాకారిణి కన్నుమూసినపుడు ఆ చిత్రములు ఇంటి సామానులో నొక భాగము మాత్రమే. ఆఱేండ్లు తిరుగకముందే దేశము రెండుగా చీలినది, లాహోరు పరదేశమైనది. ఆ కల్లోలమున ఎన్ని యిండ్ల సొత్తు మాయమైనదో మనమెఱుగుదుము. ఆమె పటములును అట్లే చెదరిపోయి యుండవచ్చును. ఆమె భర్తయు తండ్రియు వానిలో బెక్కింటిని జాతికి సమర్పించిరి. ఆ సమర్పణమే నూతన కళామందిరమునకు బీజధనమైనది. నేడు ఆమె చిత్రములలో సగమునకు పైగా ఒక్క ఢిల్లీ మందిరముననే యున్నవి. ఈ దేశపు ఆధునిక కళకు జాతీయ గృహ మేర్పడినపుడు, దాని పునాదిలో బడిన మొదటి ఱాళ్లు ఒక యువతి చేతిపనియే యన్నమాట.

బ్రదికియుండగా కొనువారు కొలదిమందియే గలిగిన ఆమె చిత్రములలో నొకటి, 1937 నాటి "కథకుడు" అనునది, 2023 సెప్టెంబరులో వేలమున 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినది. అప్పటికి భారతీయ చిత్రములలో ఏదియు అంత వెల పలుకలేదు. 2025లో హుసేన్ గారి చిత్రమొకటి దానిని మించినది. ఈ యంకెలు విని ముక్కున వ్రేలిడుకొనుట సహజమే. కాని నేను వీనిని మఱియొక కారణమున నుదహరించితిని. అంతవెల పెట్టి కొన్నవాని యింట ఆ పటమును జూచువారు పదిమంది. మందిరమున నున్న పటమును చిల్లర రుసుముతో ప్రవేశించి యెవ్వరైనను జూడవచ్చును. ధనికుని గోడకును జాతి గోడకును నదియే భేదము. 1972 నాటి చట్టము ననుసరించి తొమ్మండ్రు చిత్రకారుల కృతులను జాతీయ నిధులుగా బ్రకటించి, వానిని దేశము దాటింపరాదని ప్రభుత్వమువారు కట్టడి చేసిరి. రవివర్మ, రవీంద్రనాథ టాగూరు, నందలాల్ బోస్, జామినీ రాయ్ మొదలగు ఆ తొమ్మండ్రలో స్త్రీ యొక్క అమృతయే.

అమృత పారిస్ నగరమున జదివినది, ధనికుల బిడ్డ. సంసారస్త్రీలమగు మన కామె యాదర్శమెట్లగునని కొందఱనవచ్చును. వారు అదే మందిరమున సునయనీదేవి చిత్రములను జూచెదరు గాక. ఈమె 1875లో జన్మించినది. గగనేంద్రనాథ, అవనీంద్రనాథ టాగూరులకు సోదరి. పండ్రెండవయేట పెండ్లియై, పిల్లల తల్లియై, పెద్ద సంసారము నీదుచు, ముప్పదేండ్ల ప్రాయమున కుంచె బట్టినది. ఏ కళాశాలకును పోలేదు, ఏ గురువునకును శిష్యురాలు గాలేదు. అన్నలు వ్రాయుట చూచినది, బంగాళ దేశపు పటచిత్రములను, ఇంటి దేవుని పటములను జూచినది, అంతియే చదువు. నీటిరంగులతో రాధాకృష్ణులను, గొల్లపడుచులను, విశాలనేత్రలగు స్త్రీలను ఆమె వ్రాసిన తీరు చూచి కళాపండితులు వ్యాసములు వ్రాసిరి. 1922లో జర్మనీ చిత్రకారుల చిత్రములతో గూడి కలకత్తాలో జరిగిన ప్రసిద్ధ ప్రదర్శనమున ఆమె చిత్రములును నిలిచినవి. ముప్పదియవయేట మొదలిడుట ఆలస్యమని యనుకొను సోదరీమణులకు ఇంతకంటె మంచి సమాధానము నే నెఱుగను.

మన నిత్యకృత్యములే చిత్రవస్తువులగుట జూడగోరువారు నందలాల్ బోస్ గారి హరిపుర చిత్రములను జూడవలెను. 1938లో హరిపురమున జరిగిన కాంగ్రెసు మహాసభకై గాంధీమహాత్ముని కోరికపై ఆయన వ్రాసినవి ఇవి. డోలు వాయించువాడు, దర్జీ, వంటకత్తె, దంపుడు దంపు స్త్రీ — వీరే అందలి నాయకులు. నందలాల్ గారి కృతులు చిన్నవి పెద్దవి కలిపి ఏడువేల వఱకు ఈ మందిరమున నున్నవి. మందిరపు మొత్తము భాండారము పదునేడువేలకు మించినది.

పదునేడువేలున్నచో అన్నియు నేల చూపరని యడుగవచ్చును. మన పట్టుచీరలనే తలచుకొనుడు. పెండ్లి పట్టుచీరను ఏటికి రెండుమాఱులు కట్టి తక్కిన కాలము చీకటిపెట్టెలో దాచుట లోభమా? ఎండ దగిలిన రంగు వెలియును, చెమ్మ దగిలిన బూజు పట్టును, మడత మార్చకున్న మడత వెంబడి చినుగును. చిత్రముల సంగతియు నదియే. కాగితముపై నీటిరంగులతో వ్రాసిన పటము వెలుతురునకు మిక్కిలి సుకుమారము. కళామందిరములలో వానిపై బడు వెలుతురు ఏబది లక్సులకు మించకుండ జూచుకొందురు. మనము చదువుకొను దీపపు వెలుగులో నది యాఱవ వంతు మాత్రమే. కొన్ని నెలలు చూపి మరల చీకటిగదికి చేర్చి విశ్రాంతి నిత్తురు. తైలచిత్రము కొంత మొండిదే గాని, గాలిలోని తేమ హెచ్చుతగ్గులైనచో వెనుకనున్న బట్ట సాగి ముడుగుచుండును; పైనున్న రంగు పొర సాగలేక బీటలు వాఱును. అందుచే రేయింబవళ్లు గదుల తేమను సమముగా నుంచవలెను. పురుగు కొఱికిన దానిని, పొగచూరిన దానిని బాగుచేయుటకు మందిరమున ప్రత్యేకమైన శాల యున్నది. గుడ్డతో నొక్క తుడుపు తుడిచి దులుపుట గాదు ఆ పని. దూదిపుల్లతో అంగుళ మంగుళముగా నెలల తరబడి సాగు నోపికపని. ఇల్లు చక్కబెట్టు స్త్రీకి ఆ యోపిక విలువ వేఱుగా చెప్ప బనిలేదు.

భాండారము పెరిగినకొలది జయపూరు హౌసు చాలకపోయెను. 2009లో క్రొత్త భవనమును జేర్చగా, చూపుటకు వీలైన స్థలము మునుపటికంటె సుమారు ఆఱురెట్లు పెరిగెను. బొంబాయిలో కావస్‌జీ జహంగీర్ హాలున 1996లోను, బెంగుళూరున మాణిక్యవేలు భవనమున 2009లోను దీని శాఖలు వెలసినవి. రాయలసీమ సోదరీమణులకు బెంగుళూరు దూరము గాదు. సోమవారము తప్ప తక్కిన దినములలో పోయి చూడవచ్చును.

అంతదూరము పోలేని గోదావరి మండలమువారికి రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు గారి పేర నొక చిత్రశాల గలదు. 1897లో బుట్టి, బొంబాయిలో విద్య నేర్చి, స్వస్థలమున ఆంధ్ర చిత్రకళను నెలకొల్పిన ఆయన 1925లో, ఇరువదియెనిమిదవ యేట, మశూచికముచే గతించెను. అమృత కథకును ఆయన కథకును ఎంత పోలిక! అల్పాయుష్కులైన యిరువురను బ్రదికించినవారు వారి వారి యాప్తులు. రామారావు గారి సోదరి బుచ్చికృష్ణమ్మ గారును చిత్రకారిణియే యని మన బాలికలకు చెప్పవలెను.

సోదరీమణులారా, దాచుట యను పని ప్రభుత్వపు మందిరములతోనే తీరునది గాదు. మన యవ్వలు కుట్టిన కుట్టుపనులు, అత్తలు అల్లిన తోరణములు, పెండ్లిపీటలపై వ్రాసిన పద్మములు, బొమ్మలకొలువునకై చేసిన బొమ్మలు ఎన్ని యిండ్లలో నున్నవి! అవి యెవ్వరు చేసినవని యడిగిన, "మా యింటివారెవరో చేసిరి" యను సమాధానమే తఱచుగా వినబడును. ముగ్గు ప్రొద్దున వేసి సాయంత్రమునకు చెఱగునది. దానికి చింతింప బనిలేదు, అది దాని ధర్మము. కాని యేడాది కష్టపడి యల్లిన వస్తువును పేరు లేకుండ బోనిచ్చుట యన్యాయము. అమృత చిత్రముపై అమృత పేరున్నది. కావుననే నేడు మన మామెను దలచుకొనుచున్నాము.

చేయవలసినది కొంచెమే. పటమైనచో వెనుకవైపు మెత్తని పెన్సిలుతో చేసినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. సిరా వలదు, అది ముందువైపునకు దిగును. ఎండ నేరుగా బడు గోడకును, చెమ్మగోడకును పటమును వ్రేలాడగట్టకుడు. కుట్టుపని బట్టను ప్లాస్టికు సంచిలో గాక, ఉతికి గంజిలేకుండ నార్చిన నూలుగుడ్డలో చుట్టి, ఏటికి రెండుమాఱులు తీసి మడత మార్చుడు. అంచున చిన్న గుడ్డపీలిక కుట్టి దానిపై పేరు వ్రాయుడు. బ్రదికియున్న పెద్దవారిని, ఇది యెవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, ఏ సందర్భమున చేసిరి యని నేడే యడుగుడు. రేపటికి చెప్పువా రుండకపోవచ్చును. సెలవులలో పిల్లలను సినిమాకు గొనిపోవునట్లే సమీపమునందలి చిత్రశాలకును గొనిపోవుడు. ఆడుబిడ్డను ప్రత్యేకముగా వెంటబెట్టుకొని, ఒక్క పటము ముందైనను తొందరలేక నిలువనిండు. "దీనిని వ్రాసినది నీవంటి యాడుపిల్లయే" యని చెప్పుడు. ఆ మాట విన్న బాలిక ఇంటికి వచ్చి కుంచె యడిగినచో కాదనకుడు.